అన్నరక్ష

కర్నూలు జిల్లాయందలి నల్లరేగడి గ్రామములలో జొన్న పాతరను తెఱచుట చిన్ననాట చూచినవారు మీలో కొందఱుందురు. చూడనివారు తాతతండ్రులు చెప్పగా వినియుందురు. పైమన్ను తొలగించి మూతరాతిని జరిపిన వెంటనే ఎవ్వరును పాతరలోనికి దిగరు. కొంతసేపు గాలియాడనిచ్చి, త్రాటికి దీపమును గట్టి లోనికి వదలుదురు. దీపమాఱెనా, మనిషి దిగరాదు. దీపము నిలిచెనా, దిగవచ్చును. ధాన్యము ఊపిరి విడిచి పాతరనంతయు బొగ్గుపులుసు వాయువుతో నింపును. పురుగును చంపి జొన్నను కాపాడునది ఆ వాయువే. తొందరపడి దిగినవాని ప్రాణము తీయునదియు నదియే. కావున తన చేతులతో పండించి, తన యింటి వాకిట పాతిపెట్టుకొన్న ధాన్యమునైనను మన పెద్దలు పరీక్షింపక ముట్టలేదు.

నేడు మన కంచములోనికి వచ్చు నూనె యెక్కడ నాడినదో, పప్పు ఏ దేశమున పండినదో, కారము ఏ మరలో దంచిరో మన మెఱుగము. మన చేతికిని పంటకును నడుమ పది చేతులున్నవి. ఆ పదింటిలో నొక చేయి లాభాపేక్షచేతనో పగచేతనో అన్నమును చెఱచినచో ఏమగును? వెనుకటివారు దీని కేమి యుపాయములు పన్నిరి? మనము చేయదగిన దేమి? నేటి ప్రసంగమున ఈ మూడు విషయములను విన్నవింతును.

ఈ భయము క్రొత్తది కాదు. సుశ్రుతసంహితలోని కల్పస్థానమున మొదటి యధ్యాయమునకే అన్నపానరక్షాకల్పమని పేరు. వాగ్భటుని అష్టాంగహృదయమున సూత్రస్థానము ఏడవ యధ్యాయము అన్నరక్షాధ్యాయము. కౌటిల్యుని యర్థశాస్త్రము మొదటి యధికరణమున రాజు భోజనమును కాపాడు విధమును వివరించినది. వంటశాల గుప్తమైన చోటనుండవలెను, వంటవారి పెద్ద ప్రతి పదార్థమును తాను రుచిచూచి వండింపవలెను, రాజు మొదట అగ్నికిని పక్షులకును సమర్పించి పిదప భుజింపవలెను అని కౌటిల్యుడు విధించెను. మందిచ్చు వైద్యుడుకూడ ముందు తాను రుచిచూడవలసినదే.

విషము కలిసిన యన్నమును నిప్పులో వేసిన చిటపటలాడుననియు, మంట రంగు మాఱుననియు, చకోరపక్షి కన్నులు వన్నె తప్పుననియు ఆ గ్రంథములు చెప్పుచున్నవి. నేటి రసాయనశాస్త్రము ఈ గుర్తులను నమ్మదగినవిగా అంగీకరింపదు. అయినను ఆ గ్రంథకర్తలు మూలసూత్రమును గ్రహించిరి. చోటు భద్రముగ నుండవలెను, బాధ్యుడైన మనిషి యొక్కడుండవలెను, వడ్డించుటకు పూర్వమే పరీక్ష జరుగవలెను. రెండువేల యేండ్ల పిమ్మట కూడ అన్నరక్షకు ఇంతకంటె మేలైన పునాది దొరకలేదు.

ఇది రాజుగారి కంచము మాట. ప్రజల కంచము సంగతి యేమి? కౌటిల్యుడు దానిని మఱవలేదు. అర్థశాస్త్రములో కంటకశోధనమను నాలుగవ యధికరణము కలదు. ప్రజలను గ్రుచ్చు ముండ్లను ఏఱివేయుట అని దాని భావము. ధాన్యము, నూనె, క్షారము, ఉప్పు, గంధము, ఔషధము అను వానిలో వానిని పోలిన నాసి సరకును కలిపి యమ్మువానికి 12 పణములు దండుగ యని అందు కలదు. సర్కారు కొట్టారమున జేరిన సరకులో సగమును ప్రజల యాపదకై నిలువయుంచి, సగమునే వాడుకొనవలెననియు, పాతదాని స్థానమున క్రొత్తది నింపుచుండవలెననియు మఱియొకచోట విధింపబడినది. అన్నరక్ష యనగా విషమునుండి రక్షించుట మాత్రమే కాదు, లేమినుండి రక్షించుటయు నన్నమాట.

మన రాయలసీమలో ఈ రెండవ రక్షకే మనవారు పాతరలు త్రవ్విరి. వానలు నమ్మదగినవి కానిచోట ఒక యేటి పంట రెండేండ్లు నిలువవలెను. దోపిడికాండ్రకు కనబడకుండవలెను. పాతరపై మన్ను కప్పి చదును చేసినచో పైనుండి చూచువానికి గుర్తు తెలియదు. ఇంటివారు తెఱచినగాని తెఱపుపడదు. పండించినవాడు, దాచినవాడు, దంచినది, వండినది, తినువారు అందఱు నొక్క యింటివారే. సంతలో కొన్నను అమ్మినవాని ముఖము, ఊరు, తండ్రి పేరు తెలిసియుండును. కల్తీ చేసినవాడు మరుసటి సంతకు రాలేడు. ఈ ముఖపరిచయమే ఆనాటి తనిఖీశాఖ.

కాని పాతరకు ఒక హద్దు గలదు. ధాత సంవత్సరపు కరవు, అనగా 1876 మొదలు 1878 వఱకు సాగిన మహాక్షామము, ఆ హద్దును చూపెను. వరుసగా వానలు తప్పుటచే పాతరలు వట్టిపోయినవి. చెన్నరాజధానియందెల్ల కర్నూలు జిల్లా అత్యంత ఘోరముగ దెబ్బతిన్నవానిలో నొకటి. 1871 జనాభాలెక్కకును 1881 లెక్కకును నడుమ ఈ జిల్లా జనసంఖ్య ఇంచుమించు నాలుగవ వంతు తగ్గిపోయెను. కర్నూలు పట్టణమునకు అప్పటికి రైలు లేదు. ఓడలమీద చెన్నపట్టణము చేరిన పరదేశపు ధాన్యము రైలుదారినుండి బండ్లమీద ఇటు రావలసివచ్చెను. అది అందిన ఊరు కొంత బ్రదికెను, అందని ఊరు నశించెను. కావున దూరపు సరకును నిందించి, మన పాతరయే చాలునని చెప్పుట న్యాయము కాదు. దూరమునుండి వచ్చు గింజ మనకు ప్రాణము పోసినది. కావలసినదెల్ల ఆ పొడవైన దారిలో ప్రతి మజిలీకిని ఒక కావలి.

ఆ కావలి ఎట్లు పుట్టెనో వినుడు. 1858లో ఇంగ్లండుదేశమున బ్రాడ్‌ఫర్డు పట్టణములో ఒక మిఠాయివాడు చక్కెర ధర యెక్కువయని, అందులో కలుపుటకు సున్నపుపొడివంటి చౌకపొడిని మందులయంగడినుండి తెప్పించుచుండెను. ఒకనాడు అంగడివారు పొరపాటున దానికి మాఱుగా పాషాణమునిచ్చిరి. ఆ మిఠాయి తిని ఇంచుమించు 20 మంది మరణించిరి, 200 మంది జబ్బుపడిరి. వారిని చంపవలెనని యెవ్వరును తలపలేదు. కాని చక్కెరలో చక్కెర కానిదానిని కలుపుట వాడుకయైనచోట విషమునకు తలుపు తెఱచియే యుండును. పాలలో నీళ్ళేగదా యని సహించు ఊరు ఈ సంగతిని యోచింపవలెను. ఆ దుర్ఘటన జరిగిన రెండేండ్లకు, 1860లో, ఇంగ్లండున కల్తీనిషేధ చట్టము వెలసెను.

మన దేశమున బాటసారులకు ఉమ్మెత్తగింజల పొడిని అన్నములో కలిపి పెట్టి, తెలివితప్పినవారిని దోచుకొను ముఠాలు పందొమ్మిదవ శతాబ్దిలో నుండెడివి. శ్రీశైలయాత్రకు కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగ నడచిపోవు యాత్రికులకు "దారిలో పరాయివాడు పెట్టినది తినకుడు" అని పెద్దలు చెప్పిన బుద్ధి వట్టి యాచారము కాదు. ఇట్టి నేరములను రుజువుచేయుటకు సాక్షి యెవడు? చచ్చినవాడు చెప్పలేడు, చంపినవాడు చెప్పడు. అప్పుడు రసాయనశాస్త్రమే సాక్షిగా నిలిచెను. పాషాణమును కనిపెట్టు మార్షు పరీక్ష 1836లో వెలువడెను. 1849లో చెన్నపట్టణమున రసాయనపరీక్షకుని కార్యాలయము ఏర్పడెను. భారతదేశమున నట్టివానిలో నిదియే మొదటిది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 272, 273 సెక్షనులలో అమ్మకపు ఆహారమున హానికరమైనది కలుపుటను, చెడినదని యెఱిగియు అమ్ముటను నేరములుగ పేర్కొనెను. 277వ సెక్షను పదుగురు త్రాగు నీటిని చెఱచుటను శిక్షార్హము చేసెను. 1918లో చెన్నరాజధానికి ప్రత్యేకముగ కల్తీనిరోధక చట్టము వచ్చెను. పాషాణాదుల యమ్మకమునకు 1919లో విషముల చట్టము హద్దు పెట్టెను.

ఇచ్చట వేఱొక యపాయమును చెప్పక తప్పదు. 1857లో ఉత్తరదేశమున, సర్కారువారు గోధుమపిండిలో ఎముకలపొడి కలిపించుచున్నారను వదంతి పుట్టి ఊరూరను ప్రాకెను. దానికి రుజువు లేదు. అయినను జనులు పిండి కొనుటకు జంకిరి. అన్నమును గూర్చిన వదంతి అగ్గికంటె వేగముగ పోవును. ఏలయన అది ఆకలిని, ఆచారమును, భయమును మూడింటిని నొక్కసారి తాకును. విషము కలిపినవాడు కొందఱినే చంపగలడు. రుజువులేని నింద ఊరినంతయు చీల్చగలదు. కావున అన్నరక్షలో నిందనుండి రక్షించుటయు నొక భాగమే.

దీనికి అమెరికాదేశమున జరిగిన దృష్టాంతము మిక్కిలి తగియున్నది. 1984లో ఆరిగన్ రాష్ట్రమున ది డాలెస్ అను చిన్న పట్టణములో 751 మంది వాంతులు, విరేచనములతో పడిపోయిరి. అదృష్టవశమున నెవ్వరును మరణింపలేదు. మొదట విచారించినవారు భోజనశాలల పనివారి అపరిశుభ్రతయే కారణమని తలచిరి. ఏడాది గడచిన పిమ్మట, 1985లో, అసలు నిజము బయటపడెను. సమీపమున ఆశ్రమము కట్టుకొన్న రజనీశ్ అనుచరులలో కొందఱు, స్థానికపు ఎన్నికలలో ఓటర్లు రాకుండ జేయదలచి, పది భోజనశాలలలోని పచ్చికూరల పళ్ళెరములలో రోగక్రిములను కలిపిరి. అమాయకులైన వంటవారు ఏడాదికాలము నింద మోసిరి. తొందరపడి తీర్పు చెప్పినచో దోషి తప్పించుకొనును, పేద వంటమనిషి దోషియగును.

అంతకు రెండేండ్ల ముందు, 1982లో, చికాగో నగరమున అంగడి బల్లలపైనున్న తలనొప్పి మాత్రల డబ్బీలను ఎవడో తెఱచి సయనైడు నింపి మఱల నుంచెను. ఏడుగురు చనిపోయిరి. నేడు మందుసీసాల మూతలపై కనబడు పట్టీలు, ముద్రలు, విఱిగిన తెలియు మూతలు ఆ దుర్ఘటన తరువాతనే లోకమంతట వ్యాపించినవి. మన పాతర మూతపై తడిమట్టి మెత్తి గుర్తుపెట్టుటయు నీ ముద్రయు నొక్క యూహనుండి పుట్టినవే. 2008లో చీనాదేశమున పాలలో నీరు కలిపి, పరీక్షలో మాంసకృత్తులు తగ్గినట్లు తెలియకుండ మెలమైన్ అను రసాయనమును చేర్చిరి. దాదాపు మూడు లక్షల పసిబిడ్డలు జబ్బుపడిరి, ఆర్గురు చనిపోయిరి. పరీక్షనే మోసగించు కల్తీ యిది. పరీక్ష యొక్కటియే చాలదని, పరీక్షించు మనుష్యుల శ్రద్ధకూడ కావలెనని ఇది నేర్పినది.

మన దేశమునకు వత్తము. స్వాతంత్ర్యానంతరము 1954లో ఆహారకల్తీ నిరోధక చట్టము చేయబడి 1955 జూన్ 1 నుండి అమలయ్యెను. కాళ్ళు చచ్చుబడజేయు కేసరిపప్పు అమ్మకమును 1961లో నిషేధించిరి. కందిపప్పులో దానిని కలుపుట వర్తకులలో కొందఱి దురలవాటు. మన బీళ్ళలో పసుపుపచ్చని పూలతో నిండ ముండ్లతో పెరుగు బ్రహ్మదండిని మీరందఱు నెఱుగుదురు. దాని గింజ ఆవగింజను పోలియుండును. దాని నూనె ఆవనూనెలో కలిసినచో కాళ్ళు వాచి గుండె చెడును. 1998లో ఢిల్లీ ప్రాంతమున ఇట్టి నూనెచేత 60 మందికి పైగా మరణించిరి. పిదప 2006లో ఆహారభద్రత, ప్రమాణముల చట్టము వచ్చి, 2011 ఆగస్టు 5 నుండి పాత చట్టమునకు మాఱుగ నమలులోనికి వచ్చినది. ప్రాణహాని కలిగించు ఆహారమును అమ్మినవానికి ఏడేండ్లకు తక్కువకాకుండ, యావజ్జీవము వఱకు కారాగారమును, పది లక్షలకు తక్కువకాని జరిమానాను 59వ సెక్షను విధించుచున్నది. శిక్షాస్మృతిలోని పాత 272, 273 సెక్షనులు 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహితలో 274, 275గా నిలిచినవి.

ఈ చట్టములో గ్రామస్థులు తెలిసికొనవలసిన విషయములు రెండు గలవు. అధికారి మచ్చు తీయునప్పుడు సాక్షులను పిలువవలెను, మచ్చును నాలుగు భాగములుచేసి ముద్రవేయవలెను. అమ్మినవాడు కోరినచో నొక భాగము వేఱొక గుర్తింపుగల ప్రయోగశాలకు పోవును. అందుచే దోషి తప్పించుకొనడు, నిర్దోషి చిక్కుకొనడు. రెండవది, అధికారియే రావలెనని లేదు. కొన్న ప్రతివాడును రుసుము చెల్లించి సరకును పరీక్ష చేయించుకొనవచ్చునని 40వ సెక్షను చెప్పుచున్నది. తప్పు బయటపడినచో ఆ రుసుము తిరిగి వచ్చును.

ఇక మనలను కలతపెట్టవలసిన ఉదంతములు. 2013 జూలై 16న బీహారులో గండామన్ అను గ్రామపు పాఠశాలయందు మధ్యాహ్నభోజనము తిని 23 మంది బిడ్డలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియుండెను. ప్రధానోపాధ్యాయురాలికి 2016లో న్యాయస్థానము శిక్ష విధించెను. ఆ మందు మన ప్రత్తి చేలలోను విరివిగ వాడబడినదే. పురుగుమందు డబ్బాయు, నూనెడబ్బాయు నొక్క అటకమీద నుండుట మన యిండ్లలోను అరుదు కాదు. మన రాష్ట్రమునందే 2020 డిసెంబరు 5 మొదలు ఏలూరు పట్టణమున ఆరువందలమందికి పైగా మూర్ఛలతో పడిపోయిరి. నీరో, కూరగాయలో, మఱియేదో తెలియక ఊరు తల్లడిల్లెను. ఢిల్లీ ఎయిమ్స్ సంస్థయు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయు రక్తమును, నీటిని, ఆహారమును పరీక్షించవలసివచ్చెను. రోగుల రక్తమున సీసము, పురుగుమందుల జాడలు కనబడినవి. ఇది యెవ్వరి పగయు కాకపోవచ్చును. కాని ఆహారపు దారి యెంత బయలుగ నున్నదో ఇది చూపినది.

విత్తనముల మాటయు నొకటి. 1971-72లో ఇరాక్ దేశమున పాదరసపు మందు పట్టించిన విత్తన గోధుమను ఆకలిగొన్న రైతులు రంగు కడిగి రొట్టెలు చేసికొనిరి. 6,530 మంది ఆసుపత్రుల పాలైరి, వారిలో 459 మంది చనిపోయిరి. రంగు పోయెను గాని విషము పోలేదు. మిగిలిన మందువిత్తనమును కడిగి సంతలో గింజలుగ నమ్మువాడు తెలిసి చేసిన హంతకుడే.

పెద్దలారా! ఈ చరిత్రనుండి మీ చేతిలోనున్న పనులు కొన్ని తేలుచున్నవి. ఊరి నీళ్ళ ట్యాంకు మూతకు తాళముండవలెను, ఆ తాళపుచెవి యెవరియొద్ద నున్నదో పదుగురికి తెలిసియుండవలెను. పురుగుమందు అన్నము వండు కప్పుక్రింద నుండరాదు, ఖాళీడబ్బాలో నూనె గాని నీరు గాని పోయరాదు. బడిలో బిడ్డలకు వడ్డించుటకు ముందు పెద్దవారు రుచిచూచుట నియమమై యున్నది. అది జరుగుచున్నదా లేదా యని అప్పుడప్పుడు మీరు స్వయముగ వెళ్ళి, బిడ్డలతోపాటు కూర్చుండి తిని చూడుడు. వంటమనిషి నూనె వాసన తేడాగ నున్నదని చెప్పినచో ఆమె మాటను త్రోసివేయకుడు. ముద్ర విఱిగిన సరకును చౌకయని కొనకుడు.

ఒకవేళ కీడు జరిగినచో మొదట రోగులను వైద్యశాలకు చేర్పుడు. మిగిలిన యన్నమును పాఱవేయక, మూతపెట్టి, ఇద్దఱి యెదుట ముద్రవేసి, అధికారులకప్పగింపుడు. ఆ గిన్నెయే సాక్షి. ఇన్నియు జరిగి ప్రయోగశాల మాట వచ్చువఱకు ఎవరి పేరును నాలుకపైకి రానీయకుడు. మన సీమలో పాతపగలు గల ఊళ్ళున్నవి. "ఫలానావారు కలిపిరి" అను నొక్కమాట ఆ ఊళ్ళలో ఎంత దూరము పోవునో మీకు చెప్పనవసరము లేదు. ఆ మాట నాపగలవారు పోలీసులకంటె ముందు మీరే.

రాజులకు రుచిచూచువారుండిరి. మనకు చట్టమున్నది, ప్రయోగశాలలున్నవి. అవి దూరముననున్నవి. దగ్గఱనున్నది మీ కన్ను, మీ మాట. పాతరలు పూడిపోయినవి గాని, లోనికి దిగుటకు ముందు దీపమును వదలి చూచు బుద్ధి పూడిపోలేదని నమ్ముచున్నాను. దీపము నిలిచినచో నిర్భయముగ దిగుదము. ఆఱినచో కొంతసేపు ఆగి, కారణము కనుగొందము.